రాజా దీనదయాళు

పూర్వపు కృష్ణా మండలమున నందిగామ ప్రాంతమునందలి పరిటాల గ్రామము పూర్వము వజ్రముల గనులకు ప్రసిద్ధి కెక్కినది. చుట్టును ఆంగ్లేయుల పాలనలోని యూళ్ళుండగా, పరిటాలయు దాని నంటియున్న కొన్ని పల్లెలును హైదరాబాదు నిజాము ఏలుబడిలో నీటి నడుమ దీవివలె నిలిచియుండెను. వజ్రముల వర్తకమునకు తూకమే ప్రాణము. త్రాసులో గురిగింజ యెత్తు తేడా వచ్చినను వర్తకుని మాట చెల్లదు. అట్లు రత్నములను తూచు కుటుంబమున జన్మించి, ఆ తూకమును వేఱొక విద్యకు మరల్చి, నిజాము ప్రభువు కొలువున రాజా బిరుదమును పొందిన మహనీయుడొకడు కలడు. ఆయనయే భారతదేశపు ఛాయాచిత్రకారులలో అగ్రగణ్యుడైన రాజా దీనదయాళు.

నేడు ఛాయాచిత్రము తీయుట చిటికెలోని పని. జేబులో నిముడు ఫోనుతో పసిపిల్లలును బొమ్మలు తీయుచున్నారు. కాని నూటయేబది యేండ్ల క్రిందట ఒక్క బొమ్మ కావలెనన్నచో గాజుపలక మొదలు కాగితము వఱకు అన్నిటికిని మందులు కలిపి సిద్ధము చేసికొనవలసి యుండెను. ఛాయాచిత్రకారుడు వైద్యునివలె మందులు కలుపవలెను, కంసాలివలె తూచవలెను, వంటవానివలె వేడిమిని కనిపెట్టవలెను. ఈ పని యంతయు చీకటిగదిలో జరుగునది. అక్కడ తప్పు చేసినను మందలించువాడు లేడు. ఒప్పు చేసినను మెచ్చువాడు లేడు. దీనదయాళు కీర్తికి పునాది అట్టి చీకటిగదిలోనే పడినది.

ఆయన 1844వ సంవత్సరమున ఉత్తరదేశమునందలి మీరటు నగరమునకు చేరువనున్న సర్ధనా పట్టణమున ఒక జైన కుటుంబమున జన్మించెను. ఆ కుటుంబమువారు రత్నవర్తకులు. ఆ కాలమున తండ్రి కూర్చున్న దుకాణమున కొడుకు కూర్చుండుట వాడుక. కాని దీనదయాళు ఆ దారి విడిచి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. 1847లో ఏర్పడిన ఆ విద్యాలయము మనదేశమునందలి మొట్టమొదటి ఇంజనీరింగు కళాశాల. గంగా కాలువ పనులకు వలయు వారిని తయారుచేయుట దాని తొలి ఉద్దేశము. బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైన 1855వ సంవత్సరమునకు కొంచెము ముందుమాటయే అది. కాలువలు, వంతెనలు, బాటలు దేశమంతట లేచుచున్న దినములవి. కొలుచుట, లెక్కించుట, పటములు గీయుట నేర్చిన యువకులకు మంచి గిరాకి యుండెను.

1866లో చదువు ముగించుకొని దీనదయాళు ఇందూరు నగరమున సర్కారువారి మరామతు శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. కట్టడములకు అయ్యెడి వ్యయమును ముందుగా అంచనా కట్టుట, వాని పటములను గీయుట ఆయన పని. ఈ పని మనుష్యునకు రెండు గుణములను నేర్పును. ఏ వస్తువునైనను కొలిచిన పిదపనే నమ్ముట మొదటిది. గోడయొక్క నిడివి, స్తంభము యొక్క ఎత్తు, తలుపుపై పడు నీడ మొదలగువానిని కన్నులారా పరిశీలించుట రెండవది. ఈ రెండు గుణములును తరువాతి కాలమున ఆయన చిత్రములలో తేటతెల్లముగా కనబడును. ఆయన తీసిన కోటలయు దేవాలయములయు చిత్రములలో స్తంభములు నిట్టనిలువుగా నిలిచి, ఏ శిల్పమును ఎక్కడ చూపవలెనో అక్కడ వెలుతురు పడుచుండును.

1870వ దశకమున దీనదయాళు తీరిక వేళలలో ఛాయాగ్రహణమును అభ్యసించెను. అప్పుడు వాడుకలో నున్నది తడిపలక పద్ధతి. దాని కష్టము నెఱిగిననేగాని ఆయన గొప్పతనము మనకు బోధపడదు. తుపాకిమందునకు వాడు ఒకవిధమైన పత్తిని ఈథరు, సారాయము కలిసిన ద్రవమున కరగించి, అందు అయొడైడు లవణమును చేర్చెదరు. దీనికి కొలోడియను అని పేరు. తేనెవలె జారు ఈ ద్రవమును గాజుపలకపై నలుమూలలకును సమముగా పాఱించి, వెంటనే పలకను సిల్వరు నైట్రేటు నీటిలో ముంచవలెను. అప్పుడు పలకపై వెలుతురును గ్రహించు వెండి లవణము ఏర్పడును. ఆ పలకను తడి యారకముందే కెమేరాలో నుంచి బొమ్మ తీయవలెను. తడి యారకముందే చీకటి గుడారమునకు తెచ్చి మందు పోయవలెను. తడి యారినచో పలక వ్యర్థము.

మన యెండలలో ఈథరు క్షణములో ఆవిరియగును. చల్లని దేశములలో పది పదునైదు నిమిషములు దొరకు వ్యవధి ఇచ్చట అంతకంటె తగ్గిపోవును. అందుచేత ఆనాటి ఛాయాచిత్రకారుడు ఎక్కడికి పోయినను బరువైన కెమేరాతో పాటు చీకటి గుడారమును, గాజుపలకల పెట్టెలను, మందుల బుడ్లను, నీటి తొట్లను బండ్లపై మోయించుకొని పోవలసినదే.

కెమేరాలో వెలుతురు సోకిన పలకపై బొమ్మ ఉండును. కాని అది కంటికి కనబడదు. దానిని బయటికి తేల్చు ద్రవమునకు డెవలపరు అని పేరు. తడిపలకకు వాడు డెవలపరులో ముఖ్యమైనది మన వైద్యులెఱిగిన అన్నభేదియే. దానిని నీట కరగించి, కొంత ఎసిటిక్ ఆమ్లమును, కొంత సారాయమును చేర్చెదరు. అన్నభేది బొమ్మను తేల్చును. ఆమ్లము దాని దూకుడును అణచును. ఆమ్లము తక్కువైనచో పలకయంతయు నల్లబడును. ఎక్కువైనచో బొమ్మ సగమే లేచును. ఎండ ముదిరినకొలది ఆమ్లమును పెంచుకొనవలెను. ఈ ద్రవమును పలకపై ఒక్క ఊపున, తెంపు లేకుండ పోయవలెను. చేయి ఒక్కసారి వణకినచో ఆ చార బొమ్మపై శాశ్వతముగా నిలిచిపోవును. కొన్ని క్షణములలో బొమ్మ లేచును. తగిన క్షణమును గుర్తించి నీళ్ళు పోసి ఆపవలెను. మిగిలిన వెండి లవణమును హైపో ద్రవముతో తొలగించి, పలకను కడిగి, ఆఱబెట్టి, వార్నీషు పూయవలెను.

ఈ మందులను తూచుటకు గ్రెయిను అను ఆంగ్ల మానమును వాడెడివారు. ఒక గ్రెయిను మన గురిగింజ బరువులో సుమారు సగము. రత్నవర్తకుల ఇంట పుట్టినవానికి ఈ తూకము క్రొత్తది కాదు. ఆ యింటి త్రాసులో మాణిక్యములు తూగెను. ఈయన త్రాసులో వెండి లవణములు తూగెను. సిల్వరు నైట్రేటు తగిలిన వ్రేళ్ళు నల్లబడి, ఆ మచ్చలు ఎన్ని దినములకును పోవు. ఆనాటి ఛాయాచిత్రకారులను వారి వ్రేళ్ళను బట్టియే గుర్తింపవచ్చును.

దీనదయాళు నేర్పు ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు దృష్టికి వచ్చెను. ఆయన ద్వారా, మధ్య భారతమున గవర్నరు జనరలునకు ప్రతినిధిగా నున్న సర్ హెన్రీ డేలీ పరిచయమును లభించెను. వీరిరువురి ప్రోత్సాహమున ఆయన తన వృత్తికి బాట వేసికొనెను. 1875–76లో వేల్సు యువరాజు మనదేశమునకు వచ్చినప్పుడు ఆ యాత్రను చిత్రించు అవకాశము ఆయనకు కలిగెను. పిమ్మట 1880వ దశకపు తొలి సంవత్సరములలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్ఖండు మొదలగు ప్రాంతములకు పోయి, అచ్చటి ప్రాచీన కట్టడములను చిత్రించెను. సాంచీ స్తూపమును, గ్వాలియరు కోటను, ఖజురాహో ఆలయములను ఆయన పలకలపైకి ఎక్కించెను. ఈ చిత్రములతో కూడిన గ్రంథము 1886లో వెలువడెను. శిథిలములైపోవుచున్న కట్టడముల ఆనాటి రూపము నేటి పండితులకు తెలియుటకు అట్టి చిత్రములే ఆధారములు.

ఇట్టి పేరు రాగానే ఆయనకు ఒక చిక్కు ఎదురయ్యెను. సర్కారు ఉద్యోగము నెలనెలకు జీతమిచ్చును, ముసలితనమున పింఛనునిచ్చును. బొమ్మలు తీయు వృత్తి యన్ననో, ప్రభువుల దయపై ఆధారపడినది. మందులు, గాజుపలకలు, కాగితములు విదేశములనుండి ఓడలలో రావలెను. ఒక పెట్టె మందులు పాడైనచో ఆ నష్టము తనదే. నలుబదియేండ్ల వయస్సున, కుటుంబ భారము మీదనుండగా, స్థిరమైన ఉద్యోగమును విడుచుటకు ఎవరైనను వెనుదీయుదురు. దీనదయాళు మాత్రము తన త్రాసును తాను నమ్మెను. సుమారు ఇరువది యేండ్లు చేసిన ఉద్యోగమును వదలి, తన విద్యనే జీవనాధారముగా చేసికొనెను.

1885లో ఆయనకు రెండు గౌరవములు లభించెను. రాజప్రతినిధియైన డఫరిను ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. హైదరాబాదు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ తన ఆస్థానమున స్థానమొసగెను. అటుపిమ్మట దీనదయాళు తెలుగుగడ్డనే తన నివాసముగా చేసికొని సికిందరాబాదులో చిత్రశాలను స్థాపించెను. ఇట్లు ఉత్తరదేశమున పుట్టిన ఆయన మనవాడయ్యెను.

అప్పటికి ఛాయాగ్రహణములో గొప్ప మార్పు వచ్చియుండెను. 1871లో రిచర్డు మాడాక్సు అను ఆంగ్ల వైద్యుడు కొలోడియనునకు బదులుగా జెలటిన్ అను జిగురును వాడు విధానమును ప్రకటించెను. దానివలన పొడిపలకలు పుట్టెను. వీనిని నెలల ముందుగా తయారుచేసి పెట్టెలో దాచుకొనవచ్చును. బొమ్మ తీసిన తరువాత ఇంటికి వచ్చి తీరికగా మందులో వేయవచ్చును. చీకటి గుడారమును వెంట మోయు బాధ తప్పెను. కాని డెవలపరు కలుపు బాధ్యత తప్పలేదు సరికదా, మఱింత సూక్ష్మమైనది.

పొడిపలకల డెవలపరులో నాలుగు పాళ్ళు కలవు. ఇంటియందు నలుగురు కలిసి కాపురము నడిపినట్లు ఈ నాలుగును కలిసి పనిచేయును. మొదటిది బొమ్మను తేల్చునది. ఆ కాలమున దీనికి పైరోగాలిక్ ఆమ్లమును విశేషముగా వాడిరి. మాచికాయ మొదలగువానినుండి లభించు పదార్థము దీనికి మూలము. రెండవది వేగమునిచ్చు క్షారము; అమోనియా గాని, చాకలిసోడా గాని ఈ పని చేయును. మూడవది సోడియము సల్ఫైటు. ఇది గాలి సోకి మందు చెడిపోకుండ కాపాడును. నాలుగవది పొటాసియము బ్రోమైడు. ఇది వేగమునకు కళ్ళెము వేసి, వెలుతురు సోకని చోట్ల నల్లబడకుండ చూచును. పనిచేయువాడు, తొందరపెట్టువాడు, కాపాడువాడు, నిదానము చెప్పువాడు అను నలుగురిలో ఏ యొక్కరు మితిమీరినను కాపురము చెడినట్లే, ఏ యొక్క పాలు మించినను బొమ్మ చెడును. పైరోగాలిక్ ఆమ్లము గల ద్రవమును, క్షారము గల ద్రవమును వేర్వేఱు బుడ్లలో నుంచి, వాడు సమయమునకే కలిపెడివారు. ముందుగా కలిపినచో మందు గోధుమవర్ణమునకు తిరిగి నిర్వీర్యమగును.

మన వేసవి ఇందుకు మఱియొక శత్రువు. నీరు వేడెక్కినప్పుడు జెలటిన్ ఉబ్బి, అంచులవెంట ముడుతలుపడి, పలకనుండి ఊడివచ్చును. దీనికి మందు మన యింట దొరకు పటికయే. పటిక నీటిలో ఉంచిన జిగురు గట్టిపడును. ఎఱ్ఱని దీపపు గ్రుడ్డి వెలుతురులో, గాలి చొరని గదిలో, చెమటలు క్రమ్ముచుండగా క్షణములు లెక్కించుచు పలకను తొట్టిలో ఊపుచుండుట ఎంత ఓర్పుతో కూడిన పనియో ఊహింపుడు. దర్బారులో ప్రభువు ఒక్కసారి కూర్చుండును. వేట ఒక్కసారి జరుగును. అతిథి ఒక్కసారి వచ్చి పోవును. మందు కలుపుటలో పొరపాటు జరిగినదని వారిని మరల పిలువ వీలులేదు.

చేయవలసిన పని పెరిగినకొలది దీనదయాళు తన కుమారులైన జ్ఞానచంద్, ధర్మచంద్ అనువారికిని ఈ విద్య నేర్పెను. 1892లో హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకముగా ఒక చిత్రశాల వెలసెను. ఘోషాలో నుండు స్త్రీలు పరపురుషుల యెదుట కూర్చుండరు గనుక, అచ్చట బొమ్మలు తీయు బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించిరి. 1896లో బొంబాయిలోను ఒక శాఖ తెరువబడెను. ఎక్కడ తీసిన బొమ్మయైనను దానిపై దీనదయాళు పేరే ఉండెడిది. కావున ఎవరి చేయి కలిపినను మందు ఒకే తీరున కుదురవలసి యుండెను. పాళ్ళు వ్రాసి యుంచుకొని, తూచి, కొలిచి చేయు పద్ధతి లేనిదే ఇది సాధ్యము కాదు. అంచనాల శాఖలో అలవడిన క్రమశిక్షణ ఇచ్చట అక్కఱకు వచ్చెను.

పలకపై బొమ్మ సిద్ధమైన తరువాత దానిని కాగితముపైకి ఎక్కింపవలెను. అప్పటి కాగితమునకు కోడిగ్రుడ్డు తెల్లసొనను ఉప్పుతో కలిపి పూసి, పిదప సిల్వరు నైట్రేటు నీటితో తడిపెడివారు. దానిపై గాజుపలకను పెట్టి ఎండలో నుంచినచో బొమ్మ దిగును. బంగారు లవణపు నీటిలో ముంచగా దానికి చక్కని వన్నె వచ్చును. తుదకు హైపోలో నుంచి, అనేక పర్యాయములు కడుగవలెను.

ఆయన చిత్రములలో ఆనాటి హైదరాబాదు నేటికిని సజీవముగా నున్నది. చార్మినారు, ఫలక్‌నుమా భవనము, దర్బారులు, సైన్యముల విన్యాసములు, నవాబుల విందులు అందు కానవచ్చును. 1902లో కర్జను ప్రభువు వరంగల్లు ప్రాంతమునందలి నెక్కొండ అడవులలో పెద్దపులిని వేటాడి, దానియొద్ద నిలిచిన చిత్రము లోకప్రసిద్ధము. కాని దీనదయాళు చిత్రశాల వైభవములనే చూపలేదు. 1899–1900లో దక్కనున ఘోరమైన క్షామము సంభవించినప్పుడు, నిజాము ప్రభుత్వము జరిపిన సహాయ కార్యములను కూడ ఆ చిత్రశాలవారు చిత్రించిరి. ఎముకలు తేలిన దీనుల రూపములు ఆ పలకలపై నిలిచినవి. నవాబు కంఠమునందలి ముత్యములను ఎంత స్పష్టముగా చూపినదో, ఆకలిగొన్నవాని ప్రక్కటెముకలను అంత స్పష్టముగానే ఆ మందు చూపినది. త్రాసునకు ధనికుడు, దరిద్రుడు అను భేదము లేదు గదా!

దీనదయాళు కీర్తి దేశము దాటెను. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆయన చిత్రములు బహుమానము పొందెను. ఆ దశకముననే నిజాము ప్రభువు ఆయనకు రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదమిచ్చి సత్కరించెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడని అర్థము. స్వయముగా కవియైన నిజాము ఆయనను మెచ్చి ద్విపద యొకటి చెప్పెనని ప్రతీతి. 1897లో విక్టోరియా రాణి ఆస్థాన ఛాయాచిత్రకారుడను గౌరవమును లభించెను. ఒకనాడు మరామతు శాఖలో పటములు గీసిన ఉద్యోగి ఇంతటి పదవుల నందుట ఆనాటికి అపూర్వము.

వార్ధకమున ఆయనకు కష్టములును తప్పలేదు. 1904లో కుమారుడైన ధర్మచంద్ మరణించెను. ఆ దుఃఖము మానకముందే, మఱుసటి సంవత్సరమైన 1905లో, దీనదయాళు స్వర్గస్థుడయ్యెను. 1911లో ఆరవ నిజాము కూడ దివంగతుడగుటతో ఆ చిత్రశాలకు పూర్వపు ఆదరణ తగ్గెను. వేలకొలది గాజుపలకలు కుటుంబమువారి యొద్ద పెట్టెలలో మిగిలెను. గాజు చేయి జారినచో పగులును; తేమ తగిలినచో పొర లేచును. ఎన్నియో పలకలు కాలగర్భమున కలిసిపోయెను. మిగిలినవానిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సేకరించి భద్రపఱచిరి. 2006లో భారత తపాలాశాఖవారు దీనదయాళు స్మారకముగా ఒక తపాలాబిళ్ళను వెలువరించిరి.

ఆయన విద్య ఆయనతో అంతరింపలేదు. 1920వ దశకమున కోడాక్ సంస్థవారు ప్రకటించిన డి-76 అను డెవలపరును నేటికిని విడిమందులతో ఇంట కలుపుకొనువారు కలరు. లీటరు డెవలపరునకు మెటాలు 2 గ్రాములు, సోడియము సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోను 5 గ్రాములు, వెలిగారము 2 గ్రాములు. ఇందు బ్రోమైడు లేదు. పని నెమ్మదిగా సాగు నట్లు క్షారముగా తేలికపాటి వెలిగారమునే వాడిరి. ముప్పాతిక లీటరు గోరువెచ్చదనమును మించిన నీటిలో వీనిని ఒకదాని తరువాత నొకటి ఈ వరుసలోనే కరగించి, తుదకు చల్లని నీటితో లీటరు నింపవలెను. సల్ఫైటు నంతను ముందు వేసినచో మెటాలు సరిగా కరగదు. రంగుల చిత్రములు వ్యాపించువఱకు మన చిన్న పట్టణముల స్టూడియోలలోను ఇట్లు మందులు తూచి కలుపుకొనెడివారు. ఈ మందులలో కొన్ని విషములు గనుక, తెలిసిన పెద్దలు దగ్గఱ లేనిదే పిల్లలు వీనిని ముట్టరాదు.

నూఱేండ్లు దాటినను ఒక పలకపై బొమ్మ చెదరక యుండుటకు కారణమేమి? తీసినవాని కన్ను మంచిదగుట ఒక కారణము. హైపో జాడ మిగులకుండ పలకను చక్కగా కడుగుట రెండవ కారణము. రెండు నీళ్ళు తగ్గించి కడిగినను ఆనాడు ప్రభువునకు గాని, అతిథికి గాని తెలియదు. బొమ్మ ఆనాడు ఒక్కతీరుగనే మెఱయును. ఏండ్లు గడచిన పిదప అది పసుపుబాఱి వెలిసిపోవును. చేసినవాని నిజాయితీని తేల్చునది కాలము. కంటికి కనబడని బొమ్మను డెవలపరు తేల్చినట్లు, చీకటిగదిలో ఎవరును చూడని శ్రద్ధను కాలము తేల్చిచూపును.

విద్యార్థులును ఈ సంగతిని గమనింపవలెను. పరీక్షాధికారి చూచు పుటలు కొన్నియే. ఎవరును చూడక చదివిన పుటలు అనేకములు. వానిని తూకము తప్పక చదివినవాని విద్య వెలిసిపోదు. దీనదయాళు బిరుదములిచ్చిన రాజ్యములు నేడు లేవు. ఆయన తూచి కలిపిన మందులు పలకలపై తేల్చిన బొమ్మలు మాత్రము నిలిచియున్నవి.